లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందే నీళ్ల లెక్క తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

నీటి కొరత మాట వచ్చినప్పుడల్లా కుళాయి కట్టేయమనీ, ఉన్నదాంతో సరిపెట్టుకోమనీ సామాన్యుడికే సుద్దులు చెబుతారు. ఊరు ఏ తీరున విస్తరిస్తోందని మాత్రం ఎవరూ అడగరు. ఒక వీధికి ఎన్ని నీళ్లు కావాలో, వాటికి ఎంత ఖర్చవుతుందో ప్లాట్లు కొలిచి రాళ్లు పాతిన రోజే చాలావరకు తేలిపోతుంది.

వీధికి రెండు వైపులా కలిపి 100 ఇళ్లున్నాయనుకోండి. స్థలం వెడల్పు 10 మీటర్లయితే అర కిలోమీటరు పైపులైను చాలు. 30 మీటర్లయితే కిలోమీటరున్నర వేయాలి. ఇళ్లు అవే వంద, పైపు మూడింతలు. అతుకులూ ఆ లెక్కనే పెరుగుతాయి, లీకేజీలు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. ఇంట్లో కుళాయి కట్టేసినా భూమిలోని లీకు ఆగదు. పైపులో ప్రెషర్ ఉన్నంతసేపూ కారుతూనే ఉంటుంది. కాలనీ మిట్ట మీద ఉంటే పంపింగ్ భారం వేరు. వెయ్యి లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, ఏ నష్టమూ లేదనుకున్నా పావు యూనిట్‌కు పైగా కరెంటు కావాలి. అది రోజూ, ఏళ్ల తరబడి.

ఇక పెద్ద స్థలాల్లో పచ్చిక. 500 చదరపు మీటర్ల గడ్డిని ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల మేర తడిపినా 2,500 లీటర్లు పోతాయి. మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లుంటే కనీస అవసరాలు తీరతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గడ్డికి పోసేది 25 నుంచి 50 మంది వాడుకోదగ్గ నీరు.

అన్నిటికన్నా బాధ కలిగించేవి ఖాళీ ప్లాట్లు. ఇళ్లు రాకముందే లైన్లు వేస్తారు. వాడకం లేక నీరు పైపుల్లోనే నిలిచిపోయి క్లోరిన్ తగ్గిపోతుంది. లైను శుభ్రంగా ఉండాలంటే మంచినీళ్లనే బయటికి వదిలేయాలి. ఈ ఖర్చంతా ఎవరి నెత్తిన పడుతోంది? అందరికీ ఒకే రేటు వేస్తే, ఇరుకు ఇంట్లో సర్దుకుంటున్న కుటుంబమూ ఆ దూరపు లైనుకు డబ్బు కడుతున్నట్టే. ఇది అన్యాయం.

అందరినీ అపార్టుమెంట్లలోకి తోయమనడం లేదు. (అక్కడైనా బిల్డింగుకంతా ఒకే మీటరుంటే ఎవరెంత వాడుతున్నారో ఎవరికీ తెలియదు.) ఇప్పటికే లైనున్న చోట ఖాళీ స్థలాలు నిండాకే కొత్త పొలాల జోలికి వెళ్లమంటున్నాను. వెళ్లక తప్పకపోతే పైపు వేయడానికీ, నడపడానికీ, పాడయ్యాక మార్చడానికీ అయ్యే మొత్తం ఖర్చును అనుమతి పత్రంలోనే చూపాలి. కనెక్షన్ ఫీజు దూరాన్ని బట్టి వసూలు చేయాలి. ప్లాటు కొనేవాళ్లకు ఆ లెక్కల కాగితం రిజిస్ట్రేషన్‌కు ముందే చేతికందాలి.

— ఒక పాఠకుడు