పన్నెండంటే పగలా, రాత్రా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శుక్రవారం అర్ధరాత్రి పిల్లల్ని వెంటబెట్టుకుని, పులిహోర డబ్బాలతో సహా మన గేటు ముందు నిలబడ్డ నాలుగు కుటుంబాలకు ముందుగా క్షమాపణ. చంద్రగిరి కోటకు బస్సు 'శనివారం 12 ఏఎం'కి అని మెసేజ్ పెట్టింది మా ఆఫీసే. అనుకున్నది మధ్యాహ్నం, రాసింది అర్ధరాత్రి. తప్పు మాదే. అయితే 'ఏఎం అంటే పగలు, పీఎం అంటే రాత్రి' అంటూ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా నడుస్తున్న వాదన కూడా తప్పే.

అవి లాటిన్ మాటలు. ఆంటె మెరీడియెమ్ అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరీడియెమ్ అంటే తర్వాత. మెడియస్ అంటే నడిమి, డియెస్ అంటే పగలు. మధ్య, అహస్సు కలిసి మనకు మధ్యాహ్నం అయినట్టే! ఆ లాటిన్ మాట మొదట 'మెడిడియెస్'. రెండు 'డ'లు వెంటవెంటనే పలకలేక మొదటిది 'ర' అయింది. ప్రేనెస్టె ఊళ్లో నీడ గడియారం మీద పాత 'డ' రూపమే చెక్కి ఉండగా చూశానని రోమన్ పండితుడు వర్రో రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. పంచాంగంలో పూర్వాహ్ణం, అపరాహ్ణం చదివే ఇళ్లలో పిల్లలకు ఈ పోలిక చూపించండి, జన్మలో మరిచిపోరు.

చిక్కల్లా సరిగ్గా పన్నెండుతోనే. నడిమింట సూర్యుడు ముందూ కాదు, తర్వాతా కాదు. 12:01 నుంచి 'తర్వాత' మొదలవుతుంది గనుక గడియారాలు మిట్టమధ్యాహ్నాన్నీ పీఎంలోనే కలిపేస్తాయి. ఇకనుంచి మా మెసేజ్‌లన్నీ రైలు టికెట్ల పద్ధతిలో, 24 గంటల లెక్కలో వస్తాయి. 14వ తేదీ 00:15 బండి అంటే 13 రాత్రే స్టేషన్‌కు వెళ్లాలని గుర్తుంచుకోండి.

మన ఎనిమిదో తరగతి పిల్లలు అసలు మధ్యాహ్నాన్నే పట్టేశారు! పన్నెండు దగ్గర నీడ మార్పు కంటికి ఆనదు. అందుకని గుంజను తూకపుదారంతో నిటారుగా పాతి, చుట్టూ వలయం గీశారు. ఫిబ్రవరి రెండో వారంలో నీడ కొస వలయాన్ని తాకింది 11:10కి, మళ్లీ 1:43కి. వాటి నడిమి వేళ దాదాపు 12:26. అదే మన అసలు మధ్యాహ్నం, గడియారం పన్నెండు కన్నా 26 నిమిషాలు ఆలస్యం. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మన తిరుపతి సుమారు 79.4. ఆ తేడాకు డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సుమారు పన్నెండు. మిగతా పద్నాలుగూ ఈ నెలలో సూర్యుడి ఆలస్యం. ఈ లెక్క కట్టింది పిల్లలే, సార్లు కాదు.

రోమన్లు పగటిని ఏ కాలంలోనైనా పన్నెండు గంటలుగానే పంచేవారు గనుక వేసవిలో గంట సాగేది. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ సాగుతున్నట్టుంది, 9:00 బడికి 9:20కి వస్తున్నారు. 'ఐదు నిమిషాలేగా సార్' అనే ముందు, రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టారో దయచేసి పిల్లల్నే అడగండి.

ఫీజు బకాయిలు నెలాఖరులోగా. వార్షిక పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, సంతకం చేయండి.

చంద్రగిరి బస్సు వచ్చే శనివారం 13:00కి, అంటే మధ్యాహ్నం ఒంటిగంటకు. పులిహోర మళ్లీ కట్టక తప్పదు.

ప్రధానోపాధ్యాయుడు