అద్దె ఇళ్ళ న్యాయ సహాయ విభాగం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది సంబరాలు, కార్తీక వనభోజనాల వివరాలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నాకు అప్పగించింది అద్దె ఇళ్ళ సంగతి. తెలుగు సంఘానికి కోర్టు గొడవలెందుకని అడిగే సభ్యులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, మా దగ్గరికి ఎవరొస్తున్నారో, మేము ఏం చేయగలమో, ఏం చేయలేమో కాస్త వివరంగా రాస్తున్నాను.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అనంతపురం, కదిరి, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి బెంగళూరు వచ్చి బిల్డింగు పనులు, ఇళ్ళల్లో పనులు, సెక్యూరిటీ డ్యూటీలు చేసుకుంటూ మారతహళ్ళి, బొమ్మనహళ్ళి, కె.ఆర్.పురం చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళు. ఇల్లు వేరు, ఓనరు వేరు, తగాదా మాత్రం దాదాపు ఒకటే. డబ్బు చేతికిచ్చారు, కాగితం తీసుకోలేదు.

ముందుగా ఒక మాట. మా విభాగంలో పనిచేసేవాళ్ళం పారాలీగల్ వాలంటీర్లమే, అంటే చట్టం పనుల్లో జనానికి తోడుండేవాళ్ళమే, లాయర్లం కాము. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టులో వాదించేది ఎన్‌రోల్ అయిన లాయర్లే. మాది అంతకు ముందు పని. కాగితాలు తేదీల వరసన పెట్టడం, కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉన్న అగ్రిమెంటు చదివి అర్థం చెప్పడం, దరఖాస్తు రాసిపెట్టడం, సిద్దయ్య రోడ్డులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉన్న న్యాయ దేగులకు తోడు వెళ్ళడం. ఉచిత లాయరు కోసం ఆదాయ సర్టిఫికెట్ తేవాలనుకుని ఆడవాళ్ళు కూలి మానుకుని నాడకచేరి (సర్టిఫికెట్లు ఇచ్చే రెవెన్యూ ఆఫీసు) చుట్టూ తిరుగుతున్నారు. ఆ అవసరం లేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం అందుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ ఒక్క నంబరు చెప్పినా మా పని సగం తగ్గుతుంది.

ఈ ఏడాది మమ్మల్ని ఎక్కువగా కూర్చోబెట్టింది లీజు. నెల అద్దె లేకుండా ఐదు లక్షలో ఎనిమిది లక్షలో ఒకేసారి ఓనరు చేతిలో పెట్టి, రెండు మూడేళ్ళు ఉండి, వెళ్ళేటప్పుడు అసలు వెనక్కి తీసుకునే పద్ధతి మీ అందరికీ తెలిసిందే. ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు, బిడ్డ పెళ్ళికని దాచిన డబ్బు ఇందులోకి పోతోంది. మధ్యలో బ్రోకర్ కంపెనీ దూరిందంటే ఇక చెప్పక్కర్లేదు. వాళ్ళు ఓనరు దగ్గర నెల అద్దెకు ఇల్లు తీసుకుంటారు, మనవాళ్ళకు లీజుకిస్తారు. కొన్ని నెలలు ఓనరుకు అద్దె సక్రమంగా కడతారు. తర్వాత ఆఫీసుకు తాళం, ఫోన్ స్విచాఫ్. ఓనరు వచ్చి ‘అద్దె ఏది?’ అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు, లీజు డబ్బు ఆయన కళ్ళతో చూడలేదు. కాబట్టి డబ్బిచ్చే ముందు ఓనరును నేరుగా కలవండి, డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలోనే వేయండి.

ఇంకో రకం బ్యాంకు వేలం. ఓనరు ఇల్లు తాకట్టు పెట్టి వాయిదాలు కట్టడు. బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు నోటీసు తలుపు మీద అంటించిన రోజున లీజుదారుకు సంగతి తెలుస్తుంది. 2016 సవరణ తర్వాత కిరాయిదారు కూడా బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. కానీ తాకట్టుకు ముందే తనకు సరైన లీజు ఉందని చూపించాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయకపోతే అక్కడ నిలబడటం కష్టం. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడం, ఈసీలో కనబడని తాకట్టు ఏమైనా ఉందేమోనని తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో వెతకడం మా వాలంటీర్లు నేర్చుకున్నారు. సంతకానికి ముందు వస్తే ఉచితంగా చూసిపెడతాం. జనం మాత్రం సంతకం అయ్యాకే వస్తున్నారు.

వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎనిమిది లక్షల లీజు రాసుకోవడం ఇక్కడ మామూలైపోయింది. కోర్టుకు వెళ్ళాక తెలుస్తుంది, చాలని స్టాంపు మీద రాసిన కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలంటే తక్కువైన డ్యూటీ కట్టి, దానికి పది రెట్లు జరిమానా కూడా కట్టాలని. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. అందుకని మేము వీలైనంతవరకు ఇరుపక్షాలకు రాజీ కుదిర్చే లోక్ అదాలత్ వైపే నడిపిస్తున్నాం. రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రాజీ అంటే కొంత వదులుకోవడమే కదా అని కొందరు నిష్ఠూరమాడారు. నిజమే. కానీ రోజు కూలికి పోయేవాడు వాయిదాలకు తిరిగితే పోయేది అంతకంటే ఎక్కువ.

ఇళ్ళల్లో పనిచేసే ఒక అక్క అడ్వాన్సు గొడవ చెప్పాలి. ఖాళీ చేశాక, నాలుగు నెలల అద్దె బాకీ ఉందంటూ ఓనరు అడ్వాన్సు మొత్తం ఆపేశారు. రసీదులున్నాయా అని మేము అడిగితే లేవంది. మర్నాడు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తెలుగు క్యాలెండర్ తెచ్చింది. అద్దె కట్టిన ప్రతినెలా ఆ తేదీ గడిలో మొత్తం, పక్కన ఓనరు కొడుకు పొట్టి సంతకం. ఒకచోట అమావాస్య నల్ల చుక్క మీదికే సంతకం ఎక్కింది. “రసీదు అడిగితే ఏమనుకుంటారోనని దీని మీదే వేయించుకున్నా తమ్ముడూ” అంది. ఓనరు వరండాలో కూర్చుని కాగితాలు తిప్పుతుంటే ఆ అబ్బాయే “నాదే నాన్నా ఇది” అన్నాడు. పెయింటింగ్ ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చారు. పెయింటింగ్‌కు అంత పట్టుకోవడం ఎక్కువేనని నా అభిప్రాయం. ఆమె చాలంది, మేము ఊరుకున్నాం.

క్యాలెండర్ లేనివాళ్ళకు వాట్సాప్ ఉంటుంది. ‘అద్దె ముట్టింది’ అన్న ఓనరు మెసేజీ కూడా పనికొస్తుంది. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఆ మెసేజీ ఏ ఫోనులోంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ దానికి జతచేయాలి. ఫోను మార్చేటప్పుడు పాత చాట్ పోగొట్టుకోకండి. ‘రేపిస్తా, మాపిస్తా’ అనే ఓనర్ల విషయంలో ఇంకో జాగ్రత్త. రావాల్సిన డబ్బుకు మామూలుగా మూడేళ్ళే గడువు. ఆలోగా బాకీ ఒప్పుకుంటూ ఆయన ఒక్క ముక్క సంతకంతో రాసిస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. నోటి మాటతో కాదు.

పనికి వెళ్ళొచ్చేసరికి ఇంటికి ఓనరు తాళం వేసిన కేసులూ వచ్చాయి. స్టేషన్‌కు వెళితే ‘సివిల్ మేటర్’ అంటారు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, చట్టప్రకారం కాకుండా బయటికి గెంటేసినవాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చు. ఇల్లు ఎవరి సొంతమన్న టైటిల్ గొడవ అక్కడ చూడరు. ఆరు నెలలు దాటాక వచ్చినవాళ్ళకు ఈ దారి మూసుకుపోయింది.

నీలి టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉండే కూలీల విషయంలో మాత్రం మేము చేసింది తక్కువే. నెలనెలా మేస్త్రీ చేతికి డబ్బిస్తారు, స్థలం ఎవరిదో కూడా వాళ్ళకు తెలియదు. కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది గానీ, రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి చోట్ల ఉన్న కట్టడాలకు అది వర్తించదు. ఆధార్, ఓటరు కార్డు, పిల్లల బడి కాగితాలు ఒకచోట పెట్టుకునేలా ఫైళ్ళు మాత్రం కట్టించాం.

ఇక కొందరికి నచ్చని సంగతి. కొన్ని తగాదాల్లో ఎదుటి పక్షం మన సంఘం సభ్యులే. “మనవాడే కదా, చూసీ చూడనట్టు పొండి” అని నాకు ఫోన్లు వచ్చాయి. కిరాయిదారుడూ మనవాడే. అలాంటి కేసుల్లో ఆ ఓనరుతో బంధుత్వమో స్నేహమో ఉన్న వాలంటీరును పక్కన పెట్టి, కాగితాలు నేరుగా న్యాయ సేవాధికార సంస్థకు పంపాం. ఇకమీదటా అంతే.

అందుకే ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. ఇల్లు అద్దెకో లీజుకో ఇచ్చే సభ్యులు అడ్వాన్సుకు, ప్రతినెలా అద్దెకు సంతకంతో రసీదు ఇవ్వాలి. అగ్రిమెంటు ప్రతి ఒకటి కిరాయిదారు చేతికివ్వాలి. ఖాళీ చేసేటప్పుడు ఏ ఖర్చు ఎంత పట్టుకుంటారో ముందే అందులో రాయాలి. కార్యవర్గంలో ఇద్దరు దీనికి అభ్యంతరం చెప్పారు. సభ్యుల సొంత ఆస్తి విషయాల్లో సంఘం తలదూర్చకూడదన్నది వాళ్ళ మాట. వాళ్ళను సభలో మాట్లాడనిచ్చి, ఆ తర్వాతే ఓటింగు పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను.

ఇట్లు,
కన్వీనర్,
అద్దె ఇళ్ళ న్యాయ సహాయ విభాగం, బెంగళూరు