మంట లేదంటే గాయం చిన్నదని కాదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ ఇళ్లలో బకెట్లో హీటరు రాడ్డు పెడతారు. ఆ నీళ్లు మీద పడ్డ పిల్లాడు ఏడుపు ఆపేస్తే "మంట తగ్గింది" అనుకుంటారు. అది పొరపాటు. చర్మం పూర్తి మందం కాలితే నరాల చివర్లూ పోతాయి, అక్కడ స్పర్శే ఉండదు. తెల్లగానో నల్లగానో తోలులా బిగుసుకున్న ఆ చోట సాధారణంగా వేరేచోటి చర్మం తీసి అతకాల్సి వస్తుంది.

పైపొర మాత్రమే కమిలితే ఎర్రబడుతుంది, బొబ్బలుండవు, వారంలో మానుతుంది. చిక్కంతా మధ్యరకంతోనే. బొబ్బ కింద తడిగా, గులాబీరంగులో ఉండి, డాక్టరు నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు తిరిగితే 2-3 వారాల్లో మానుతుంది. రంగు మారకపోతే లోతుగా కాలినట్టే. పైగా 2-3 రోజుల్లో లోతు పెరగొచ్చు, మళ్లీ చూపించుకోవాలి.

ఎంత మేర కాలిందో లెక్కకట్టడానికి, గాయమైన మనిషి అరచేయి, వేళ్లతో సహా, ఒంటి చర్మంలో సుమారు 1 శాతం అనుకోవాలి. ఉత్తి ఎరుపును లెక్కలో కలపకూడదు. పిల్లల్లో 10, పెద్దల్లో 15 శాతం దాటితే సెలైన్ అవసరం. ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా, కరెంటుతో కాలినా శాతం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ముందుగా 20 నిమిషాలు కుళాయి నీటి ధార, ఐసు వద్దు. పిల్లలకు మిగతా ఒంటిమీద దుప్పటి కప్పండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు పూస్తే రంగు కప్పుకుపోయి లోతు తెలియదు. దయచేసి ఏదీ పూయకండి.

— కాలిన గాయాల వార్డు నర్సులు, హైదరాబాద్