రెండు జీతాల్లో ఒక్కటే లెక్కకొచ్చిన కాలంలో మాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

బ్రిటన్‌లో ఉన్న నా భర్త దగ్గరికి వెళ్ళడానికి కావలసిన స్పౌస్ వీసా మంజూరై, నేను క్షేమంగా అక్కడి వేల్స్ ప్రాంతంలోని స్వాన్సీ నగరం చేరాను. ఈ వీసా వెనుక మా ఇద్దరి శ్రమ ఎంత ఉందో, గుంటూరులో, హైదరాబాదులో, స్వాన్సీలో మా కోసం తమ సమయాన్నీ డబ్బునీ మాటసాయాన్నీ ఇచ్చినవారి మంచితనం అంతకంటే ఎక్కువ ఉంది. వారిలో చాలామందికి ఒకరి సంగతి మరొకరికి తెలియదు. అందుకే ఎవరు ఏం చేశారో, దానివల్ల మాకు ఏం ఒనగూరిందో వివరంగా రాసి, అందరికీ ఒకేచోట కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. పేర్లు బయటపెట్టవద్దని కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు.

వారు చేసిన సాయం విలువ తెలియాలంటే ముందు నిబంధన ఏమిటో చెప్పాలి. 2012 జులై నుంచి బ్రిటన్‌లో ఉన్నవారు తమ భార్యనో భర్తనో విదేశం నుంచి రప్పించుకోవాలంటే ఏడాదికి కనీసం 18,600 పౌండ్ల ఆదాయం చూపించాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ 11 నుంచి ఆ మొత్తాన్ని 29,000 పౌండ్లకు పెంచారు. నా భర్త వేల్స్‌లో ఒక వృద్ధాశ్రమంలో సంరక్షకుడిగా పని చేస్తారు. గంటల లెక్కన వచ్చే ఆయన సంపాదన ఏడాదికి దాదాపు 24,000 పౌండ్లు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ చేతినిండా సంపాదిస్తున్నా, బయటి దేశం నుంచి దరఖాస్తు చేసే భార్య జీతాన్ని ఆ లెక్కలోకి తీసుకోరు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ, ఎవరికీ బాకీ లేకుండా బతుకుతున్నా, కాగితం మీద మాత్రం మా సంసారానికి ఒక్క జీతమే ఉన్నట్టు, అది కూడా చాలనట్టు తేలింది. ముసలివాళ్ళకు స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రంతా మేలుకుని కనిపెట్టుకునే మనిషి తన భార్యను పోషించలేడని ఒక అంకె తీర్పు చెప్పడం నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు. పైగా ఆ మొత్తాన్ని 38,700 పౌండ్ల దాకా తీసుకెళ్తామని 2023 డిసెంబరులోనే అక్కడి ప్రభుత్వం ప్రకటించి ఉండటంతో, 2024 జులైలో కొత్త ప్రభుత్వం ఆ పెంపును ఆపి సమీక్షకు అప్పగించేవరకు మాకు కంటిమీద కునుకు లేదు.

జీతం చాలనివారికి నిబంధనల్లోనే ఒక దారి ఉంది. 29,000 పౌండ్లకు జీతం ఎంత తగ్గిందో ఆ మొత్తాన్ని రెండున్నరతో హెచ్చవేసి, దానికి 16,000 పౌండ్లు కలిపితే వచ్చే మొత్తం ఆరు నెలలపాటు భార్య పేరునో భర్త పేరునో, ఇద్దరి పేరునో బ్యాంకులో కదలకుండా ఉండాలి. మా విషయంలో తగ్గింది 5,000 కనుక చూపించాల్సింది 28,500 పౌండ్లు. నా జీతం లెక్కకు రాదు గానీ, ఆ జీతంలోంచి నేను మిగుల్చుకున్న డబ్బు మాత్రం లెక్కకొస్తుంది. ఈ తేడాను మాకు మొట్టమొదట వివరించింది స్వాన్సీలో ఉండే ఒక తెలుగు డాక్టరు అక్క. తాను సలహా ఇవ్వకూడదని, ఆ దేశంలో నమోదు కాకుండా వలస వ్యవహారాల్లో సలహాలిచ్చే వృత్తి చేయడం నేరమని ముందే చెప్పి, నమోదైన సలహాదారు ఒకరి దగ్గరికి నా భర్తను స్వయంగా తీసుకెళ్ళారు. డ్యూటీ ముగించుకుని వచ్చి ఆ సమావేశం అయ్యేవరకు పక్కనే కూర్చున్న ఆమె ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

డబ్బు ఎక్కడ ఉంచాలనే ప్రశ్నకు జవాబు చెప్పింది హైదరాబాదులో నా ఖాతా ఉన్న శాఖలోని ఒక అధికారి. మొత్తాన్ని నా భర్త ఖాతాకు పంపితే చూపించడం తేలికవుతుందని మేమిద్దరం అనుకుంటున్న సమయంలో ఆయన నన్ను కూర్చోబెట్టి లెక్క వేసి చూపించారు. అప్పటి నిబంధన ప్రకారం ఏడాదిలో 7 లక్షలు దాటి విదేశానికి పంపే మొత్తంపై బ్యాంకు 20 శాతం పన్నును ముందుగానే వసూలు చేసుకుంటుంది. (2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది.) ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు అది తిరిగి వచ్చే డబ్బే అయినా, అప్పటిదాకా మాకు సుమారు 5 లక్షలు చేతికి అందకుండా పోయేవి, ఆ మేరకు చూపించాల్సిన మొత్తంలో లోటు పడేది. మన దేశంలోని బ్యాంకులో నా పేరున ఉన్న డబ్బు కూడా చెల్లుతుందని, అవసరమైతే వెంటనే రద్దు చేసుకునే వీలున్న ఫిక్స్‌డ్ డిపాజిట్టును కూడా ఒప్పుకుంటారని సలహాదారు చెప్పిన మాటను ఈయనకు చెప్పగానే, డబ్బు ఇక్కడే ఉంచమన్నారు.

ఆయన చెప్పిన రెండో మాట ఇంకా విలువైనది. చూపించే రూపాయలను దరఖాస్తు చేసిన రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మారుస్తారు కాబట్టి, ఆరు నెలల తర్వాత రేటు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరని, కనీసం రెండు లక్షలు అదనంగా ఉంచి మొదలుపెట్టమని ఆయన పట్టుబట్టారు. 2025 జనవరిలో పౌండు సుమారు 106 రూపాయలుంటే, జులై నాటికి 116 దాటింది. జనవరిలో 30 లక్షల పైచిలుకుతో సరిపోయే మొత్తం జులైకి 33 లక్షలకు చేరింది. ఆరు నెలల్లో ఏ ఒక్కరోజు నిల్వ తగ్గినా ఆ తక్కువ నిల్వనే లెక్కిస్తారు కనుక చివర్లో డబ్బు తెచ్చి కలిపినా ప్రయోజనం ఉండేది కాదు.

ఆ రెండు లక్షలతో కూడా పూడని లోటును పూడ్చింది నా భర్త పని చేసే వృద్ధాశ్రమం మేనేజరు. మా పరిస్థితి తెలుసుకున్న నాటి నుంచి ఆమె ఆయనకు వారాంతపు షిఫ్టులను క్రమం తప్పకుండా ఇచ్చారు. గంటల లెక్కన జీతం తీసుకునేవారికి ఆరు నెలల సగటును బట్టి ఏడాది ఆదాయం కడతారు కాబట్టి ఆయన ఆదాయం 25,000 పౌండ్లకు చేరింది. జీతం వెయ్యి పౌండ్లు పెరిగితే చూపించాల్సిన పొదుపు రెండున్నర వేలు తగ్గుతుంది. మాకు కావలసింది 28,500 నుంచి 26,000కు, అంటే జులై రేటు ప్రకారం సుమారు 30 లక్షలకు దిగింది. రూపాయి విలువ పడిపోయి మేము పోగొట్టుకున్నదాన్ని ఆ శనాదివారాల పని తిరిగి తెచ్చిపెట్టింది. ఉద్యోగం ఏ తరహాదో, ఎప్పటి నుంచి చేస్తున్నారో, ఏడాదికి మొత్తం జీతమెంతో, ఆ జీతం ఎంతకాలంగా ఇస్తున్నారో నాలుగూ స్పష్టంగా ఉండేలా ఆమె తన చేత్తో లేఖ రాసి ఇచ్చారు. మధ్యలో వేరేచోట ఎక్కువ జీతానికి పిలుపు వచ్చినప్పుడు, యజమాని మారితే ఆరు నెలల లెక్క చిక్కుల్లో పడుతుందని ఆయనకు ముందుగా గుర్తు చేసింది కూడా ఆమే. తన దగ్గర పని చేసే మనిషి ఇల్లు నిలబడాలని ఆమె అంతగా ఆలోచించారు.

ఇక మా అమ్మ గురించి. ఆరు నెలల లెక్క మొదలుపెట్టడానికి ముందు నా పొదుపు మొత్తం కలిపినా కావలసిన మొత్తానికి కొన్ని లక్షలు తక్కువైంది. నా పీఎఫ్ సొమ్ము, మ్యూచువల్ ఫండ్లు నగదుగా మారితే తప్ప పనికిరావు; నగలు అసలే లెక్కకు రావు. అప్పు చేసి చూపించిన డబ్బు చెల్లదు. అమ్మ గుంటూరులో నమోదైన చిట్‌ఫండ్ సంస్థలో ఏళ్ళుగా చీటీ కడుతోంది. వాయిదాలు ఇంకా మిగిలి ఉండగానే, నష్టానికి పాడి మరీ చీటీ ఎత్తి, ఆ డబ్బు నా ఖాతాలో వేసింది. ఇక్కడ మా ఇద్దరి పెంపకాల్లోని తేడా బయటపడింది. పెళ్ళి తర్వాత అత్తవారి డబ్బు తీసుకోవడమంటే అది కట్నమే అవుతుందేమోనని నా భర్త చాలా బాధపడ్డారు. మన దేశంలో కట్నం నేరమని ఆయన చదువుకుని ఉన్నారు. వేల్స్‌లోని వాళ్ళ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటాక ఎవరి ఖాతా వారిదే. కష్టంలో ఉన్నా తల్లిని డబ్బు అడగడం ఆయనకు అలవాటు లేదు. మా ఇంట్లో మాత్రం ఒకరి అవసరానికి అందరి చేతులూ కలవడం మామూలు. మా బాబాయి రోజూ వీడియో కాల్‌లో ఆయనతో మాట్లాడి, ఆ డబ్బు కూతురికి తల్లి ఇష్టంతో ఇస్తున్నదని, దానిపై అల్లుడికి గానీ అతని ఇంటివారికి గానీ ఏ హక్కూ ఉండదని, ఎవరూ అడగలేదు కనుక అందులో కట్నం ప్రసక్తే లేదని విడమరిచి చెప్పారు. ఆ తర్వాతే ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ఆ డబ్బును తిరిగి ఇవ్వనక్కరలేదని అమ్మ తెలుగులో రాసిన లేఖను బాబాయే ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, చీటీ పాస్‌బుక్కు, వాయిదాల రసీదులు, డబ్బు చేతికొచ్చిన రోజు బ్యాంకు పద్దు వరుసగా పేర్చి ఇచ్చారు. చీటీ అంటే ఏమిటో తెలియని అధికారికి కూడా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానం రాకుండా ఆ కాగితాలే మాట్లాడాయి. ఇరుగుపొరుగు నడిపే చీటీ అయి ఉంటే మా దగ్గర ఒక్క రసీదు కూడా ఉండేది కాదు. ఆ రోజుల్లోనే ఖాతాలో డబ్బు చూపిస్తామంటూ వడ్డీకి ఇచ్చే ఏజెంట్లు నన్ను కూడా పలకరించారు. ఇదే దారిలో ఉన్నవారు దయచేసి వారి మాట వినకండి. అప్పు డబ్బును సొంత పొదుపుగా చూపించడం మోసంగా తేలితే పదేళ్ళపాటు వీసా నిరాకరించే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఉంది. అమ్మ చీటీ ఎత్తకపోతే నేను మరో ఏడాది ఆగేదాన్ని గానీ ఆ దారిలో వెళ్ళేదాన్ని కాదు.

మా ఆఫీసులో నా మేనేజరుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పాలి. మా సంస్థలో నోటీసు పీరియడ్ మూడు నెలలు. వీసా వస్తుందో రాదో తెలియకుండా రాజీనామా చేస్తే రాకపోయినప్పుడు ఉద్యోగమూ పోతుంది. వచ్చాక రాజీనామా చేస్తే మరో మూడు నెలలు విడిగా ఉండాలి. నిర్ణయం వెలువడేవరకు నన్ను రాజీనామా అడగనని, వెలువడ్డాక నోటీసు కాలాన్ని తగ్గిస్తానని మాటిచ్చి, నా పనిని ఒక జూనియరుకు ముందునుంచే నేర్పించే ఏర్పాటు చేశారు. ఆ జీతం ఆగకుండా రావడంవల్లే ఆరు నెలలూ పొదుపును ముట్టుకోకుండా ఇంటి అద్దె, నాన్నగారి మందులు, దరఖాస్తు ఖర్చులు భరించగలిగాను. 2025 ఏప్రిల్‌లో పెరిగిన దరఖాస్తు రుసుమే అప్పట్లో 1,938 పౌండ్లు. దానిపైన ఏడాదికి 1,035 చొప్పున మూడేళ్ళకు కట్టే ఆరోగ్య సర్‌చార్జి 3,105 పౌండ్లు. రెండూ కలిపి మన లెక్కలో దాదాపు 5 లక్షల 85 వేలు. ఇది చూపించే పొదుపులోంచి తీసేది కాదు, వేరుగా ఉండాలి. ఇదంతా కట్టి వచ్చినా బ్రిటన్ ప్రభుత్వ సంక్షేమ భృతుల్లో చాలావాటికి నాకు అర్హత ఉండదు. అయితే వచ్చిన రోజు నుంచే ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. అదే మాకు పెద్ద ఊరట.

దరఖాస్తుకు ముందు చివరిసారి బ్యాంకుకు వెళ్ళినప్పుడు జరిగింది చెప్పాలి. ఇంటర్నెట్ నుంచి తీసుకున్న ఖాతా వివరాలకు బ్యాంకు లేఖైనా ఉండాలి, లేదంటే ప్రతి పేజీ మీద బ్యాంకు ముద్రైనా ఉండాలి. ఆ అధికారి రెండూ చేశారు. నెలాఖరు రద్దీ, కౌంటరు ముందు క్యూ. ఆయన మాత్రం భోజన విరామంలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, ఆరు నెలల కాగితాలను ఒక్కొక్కటిగా తిప్పుతూ ముద్ర వేసి, పొడి సంతకం పెట్టి, ఏ పేజీలోనూ ముద్ర అంకెల మీద పడకుండా చూసుకున్నారు. ఒక పేజీలో ఇంకు అలుక్కుపోతే దాన్ని పక్కన పెట్టి మళ్ళీ ప్రింటు తీయించారు. నాకు ఏ బంధుత్వమూ లేని మనిషి ఆయన.

స్వాన్సీలో ఉన్న మా అత్తగారికి నేను రుణపడి ఉన్నాను. మేము ఉండటానికి తన ఇంట్లో ఒక గది ఇచ్చి, అందుకు సమ్మతి తెలిపే లేఖను, ఇంటి కాగితాలను పంపారు. అద్దె లేకుండా ఉండనిస్తానని, నాకు ఉద్యోగం దొరికాక అప్పుడు మాట్లాడుకుందామని అన్నారు. డబ్బు సంగతులు ఎవరితోనూ చర్చించని ఆమె, మా కోసం మా అమ్మతో వీడియో కాల్‌లో కూర్చుని, నేను మధ్యలో అనువదిస్తుంటే, ఎవరు ఎంత భరిస్తున్నారో నిర్మొహమాటంగా మాట్లాడుకున్నారు. ఆ ఇద్దరు తల్లులూ ఆ రోజు చూపిన చొరవవల్ల మా ఇద్దరి మధ్య డబ్బు గురించి రావలసిన ఎన్నో మనస్పర్థలు రాకుండా పోయాయి.

నా భర్తకు కూడా ఇక్కడే చెబుతున్నాను. పగలు పని, వారాంతం పని, రాత్రి నాతో ఫోను. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఈ నిబంధన కోపాన్ని ఆయన నా మీద చూపించలేదు.

ఇదే నిరీక్షణలో ఉన్న తెలుగువారికి మేము తయారు చేసుకున్న పొదుపు లెక్కల పట్టిక, బహుమతి లేఖ నమూనా, కాగితాల వరుస ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నిబంధనలు మారుతుంటాయి కనుక వాటిని నమోదైన సలహాదారుకు చూపించాకే వాడుకోండి. ఇంగ్లీషు పరీక్షకు, క్షయ పరీక్షకు నాకు తోడు వచ్చిన మా హాస్టల్ రోజుల స్నేహితురాలికి, దరఖాస్తు కేంద్రం బయట ఎండలో నా సంచి పట్టుకుని నిలబడిన మా తమ్ముడికి కూడా నా హృదయపూర్వక కృతజ్ఞతలు.