ఆ ఎడమ చెయ్యి

బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందింది. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదవడం పూర్తయిందని రాశావు, సంతోషం. కానీ చివర్లో అడిగిన ప్రశ్నే నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. “అమ్మా, పేరులో ఉన్న ఆ మాకింగ్‌బర్డ్ పిట్ట టామ్ రాబిన్సనా, బూ రాడ్లీయా? క్లాసులో ఇద్దరూ అని రాసుకోమన్నారు. నాకెందుకో ఆ జవాబు చాల్లేదు” అన్నావు. నాకూ చాలదమ్మా.

క్లాసులో చెప్పింది తప్పు కాదు. తెల్లమ్మాయిని చెరిచాడన్న అబద్ధపు నేరం మీద కోర్టుకెక్కిన నల్లవాడు టామ్, ఇల్లు కదలని పొరుగింటి మనిషి బూ; ఇద్దరూ ఎవరికీ హాని చెయ్యనివాళ్లే. హార్పర్ లీ 1960లో ఈ నవల తెచ్చినప్పుడు ఆ పోలికను దాచిపెట్టలేదు. జెమ్, అతని చెల్లెలు స్కౌట్‌ల చేతికి ఎయిర్‌గన్‌లు వచ్చినప్పుడు, మాకింగ్‌బర్డ్‌ని కొట్టడం మాత్రం పాపమని వాళ్ల నాన్న, టామ్ తరఫు లాయరు అటికస్ అంటాడు. అది తోటలు పాడుచెయ్యదనీ, మన కోసం గొంతెత్తి పాడటం తప్ప దానికి వేరే పని లేదనీ పక్కింటి మిస్ మాడీ విప్పి చెబుతుంది. టామ్ చనిపోయాక ఊరి పత్రిక నడిపే అండర్‌వుడ్ ఆ చావును పాటల పిట్టల్ని చంపడంతో పోల్చి రాస్తాడు. బూ విషయంలో ఆ మాట కథ చెప్పే స్కౌటే అంటుంది. అక్కడికి లెక్క సరిపోయింది.

అయితే పిట్టకి చేతులుండవు కదా. ఈ నవలలో దెబ్బతిన్న వాళ్లందరినీ నేను చేతులతోనే గుర్తుపెట్టుకున్నాను.

టామ్ ప్రమాణం చేసే ఘట్టం మళ్లీ తీసి చదువు. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి అతని ఎడమ చెయ్యి చచ్చుబడిపోయింది. కుడిచేతి కంటే అడుగు పొట్టి. బైబిల్ మీద ఎడమ చెయ్యి పెట్టాలి కాబట్టి, దాన్ని కుడిచేత్తో ఎత్తి తెచ్చి పుస్తకం మీద ఆనిస్తాడు. కుడిచెయ్యి పైకెత్తగానే ఎడమది జారి బల్లకి కొట్టుకుంటుంది. మళ్లీ ప్రయత్నిస్తుంటే చాల్లెమ్మంటాడు జడ్జి. నిజం చెప్పడానికి ముందే ఆ మనిషి పడిన అవస్థ చూడు.

టామ్ తనని చెరిచాడన్న మయెల్లా ముఖం మీద దెబ్బలు కుడివైపు ఉన్నాయి. కొట్టినవాడు ఎడమచేతి వాటం మనిషై ఉండాలి. ఆమె తండ్రి బాబ్ యూయెల్ కోర్టులో అందరి ముందూ ఎడమచేత్తోనే సంతకం చేశాడు. అయినా జ్యూరీ టామ్‌నే దోషి అంది. ఆ తర్వాత జైలు కంచె ఎక్కి పారిపోబోతే కాల్చి చంపారు. పదిహేడు తూటాలు! రెండు చేతులూ బాగుండి ఉంటే కంచె దాటేసేవాడేనని కాపలావాళ్లే అన్నారట. అతను నేరం చెయ్యలేదని చెప్పిన చెయ్యే చివరికి అతన్ని కంచె దాటనివ్వలేదు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అందుకే టామ్‌ని పిట్ట అనేసి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. మయెల్లా ఒంటరిదని జాలిపడి డబ్బు తీసుకోకుండా పనులు చేసిపెట్టాడు. ఆ జాలి సంగతి కోర్టులో నోరు జారి చెప్పాడు. 1930ల నాటి అలబామాలో ఒక నల్లవాడు తెల్లమ్మాయిని చూసి జాలిపడటమా? సర్కారు వకీలు పట్టుకున్నదీ అదే. జాలిపడటం మనిషి పని. నవలలో మనకి టామ్ ఇంకొంచెం ఎక్కువసేపు కనబడి ఉంటే, అతని మనసులోంచి కూడా ఆ ఊరు కనబడి ఉంటే బాగుండేదని నా కోరిక.

బూ చేతులు వేరే రకం. చెట్టు తొర్రలో పిల్లల కోసం సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు పెట్టిన చేతులవి. ఆ తొర్రని బూ అన్న సిమెంటుతో పూడ్చేసిన రోజు జెమ్ ఎవరికీ కనబడకుండా ఏడ్చాడు, గుర్తుందా? చివరి రాత్రి స్కౌట్ మొదటిసారి ఆ చేతుల్ని చూస్తుంది. ఎండ ముఖమే ఎరగనట్టు తెల్లగా పాలిపోయి ఉంటాయి. నిద్రపోతున్న జెమ్‌ని తాకాలని బూకి ఉంటుంది గానీ చెయ్యి ముందుకి రాదు. ఫర్వాలేదు, తాకండని స్కౌట్ చెప్పాకే ఆ చెయ్యి మెల్లగా జెమ్ జుట్టు మీద వాలుతుంది. బయట పిల్లల మీద దాడి చేసిన యూయెల్‌తో తలపడి, జెమ్‌ని మోసుకొచ్చిన చెయ్యి కూడా అదే మరి.

ఇంకొకటి నాకు మూడోసారి చదివినప్పుడు గానీ తట్టలేదు. నవల మొదటి వాక్యం దేని గురించి? జెమ్ చెయ్యి విరగడం గురించి. ఆ చెయ్యి అతుక్కున్నాక కుడిదాని కంటే కాస్త పొట్టిగా ఉండిపోయింది. అదీ ఎడమ చెయ్యే. టామ్ చెయ్యికీ దీనికీ ఉన్న పోలికని నవలలో ఒక్కరూ నోరు తెరిచి అనరు. తీర్పు విని కుమిలిపోయిన పిల్లాడు ఆ గుర్తుని ఒంటి మీద పెట్టుకుని పెద్దవాడయ్యాడు.

మయెల్లా సంగతి మాత్రం నేను తేల్చుకోలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల. తల్లి లేదు, తండ్రి కొడతాడు, వెనక ఏడుగురు చిన్నవాళ్లు. వాళ్లని ఐస్‌క్రీమ్‌కి పంపడానికి ఏడాది పాటు ఏడు నికెల్స్ (అయిదు సెంట్ల నాణేలు) కూడబెట్టింది. చెత్తతో నిండిన ఆ పెరట్లో, పెచ్చులూడిన ఆరు పాత్రల్లో ఎర్రని జెరేనియంలు పెంచుకుంది. ఆ చేతుల్తోనే టామ్‌ని వాటేసుకుంది, తర్వాత కోర్టులో వేలెత్తి చూపింది. ఆమెని చూసి జాలిపడబోతే టామ్ గుర్తొస్తాడు. కోపం తెచ్చుకుందామంటే ఆ పూలు గుర్తొస్తాయి.

ఆమె గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. నీకేమనిపించిందో రాయి తల్లీ.

ప్రేమతో,
అమ్మ