షాంపూ సంగతి తర్వాత, ముందు బ్రూనో ఎక్కడ గోక్కుంటున్నాడో చూడు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చదివాను, వీడియో కూడా మళ్ళీ మళ్ళీ చూశాను. పాపం మీ కుక్క బ్రూనో వెనక్కి తిరిగి తోక మొదట్లో ముందు పళ్ళతో కొరుక్కుంటూ ఉంటే చూడలేకపోయానురా, నిద్ర లేక వాడి మొహం కూడా పీక్కుపోయింది. ఏ షాంపూ మంచిదో చెప్పమన్నావు. చెప్తాగానీ దానికంటే ముందు నాకు తెలియాల్సింది ఒకటుంది, వాడు ఒంటి మీద ఎక్కడ గోక్కుంటున్నాడు? "ఒళ్ళంతా" అని రాశావు. ఒళ్ళంతా అని ఊరుకుంటే ఏమీ తేలదురా, ఎందుకంటే దురద అనేది జబ్బు పేరు కాదు, జ్వరం లాగా అదొక లక్షణం అంతే, వెనక ఉన్న కారణం ఏంటో చాలాసార్లు ఆ చోటే చెప్తుంది.

ఇవాళ సాయంత్రం వాడిని వెలుతురులో పడుకోబెట్టి తల నుంచి తోక దాకా బొచ్చు విడదీసి చూడు. తోక మొదలు, నడుం కింది భాగం, వెనక తొడలు, ఇక్కడే గోకుడు ఎక్కువగా ఉండి జుట్టు ఊడుతుంటే ముందు ఫ్లీస్ ని అనుమానించాలి. పిడుదులు కావు నేను చెప్పేది, పిడుదులు చర్మానికి కరుచుకుని అక్కడే ఉబ్బుతాయి, కంటికి కనపడతాయి. ఫ్లీస్ అంటే బొచ్చులో పరిగెత్తి గెంతే సన్నని గోధుమరంగు పురుగులు. నువ్వు "పురుగులేం కనపడలేదు" అన్నావు చూడు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అలర్జీ ఉన్న కుక్క అంతగా కొరుక్కుని నాక్కుని ఉన్న పురుగుల్ని తినేస్తుంది, అందుకే మనకి ఒక్కటీ దొరకదు, కానీ అలర్జీ ఉన్న కుక్కకి ఏదో ఒకటి రెండు కుట్టినా చాలు, వాటి ఉమ్మికి రోజుల తరబడి దురద పెడుతుంది. పురుగు కోసం కాకుండా దాని రెట్ట కోసం వెతుకు. సన్నపళ్ళ దువ్వెనతో నడుం మీద దువ్వి, వచ్చిన నల్లటి పొడిని తడిపిన తెల్ల టిష్యూ మీద రాల్చి కొంచెం నలుపు. ఎర్రగా తుప్పు రంగు మరక దిగిందంటే అది మట్టి కాదు, తాగి అరిగించుకున్న రక్తం. అక్కడితో సగం కథ తేలిపోయినట్టే.

అదే అయితే వాడికి ఒక్కడికి మందేసి ఊరుకోకు. కుక్క ఒంటి మీద ఉండే పెద్ద పురుగులు మొత్తంలో ఏ 5 శాతమో, మిగతావన్నీ గుడ్లు, లార్వాలు, గూళ్ళుగా వాడి పరుపులో, సోఫా సందుల్లో, కార్పెట్ లో ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవన్నీ వాడు పడుకున్న చోటల్లా రాలిపోతాయి. గూట్లో ఉన్న పురుగైతే నెలల తరబడి అలాగే ఉండి, పక్కన అడుగుల చప్పుడూ వెచ్చదనమూ తగలగానే బయటికి వస్తుంది. అందుకే మందు వేశాక కూడా కొన్నాళ్ళు కొత్తవి కనపడుతూనే ఉంటాయి, మందు పనిచెయ్యలేదని ఆపెయ్యకూడదు, కనీసం మూడు నెలలు వరసగా సాగాలి. పరుపు గుడ్డలు వేడినీళ్ళతో ఉతకాలి, వాక్యూమ్ చెయ్యాలి, ఇంట్లో ఎన్ని జంతువులుంటే అన్నిటికీ మందు పడాలి. ఇంకోటి, మీ చెల్లి పిల్లి కూడా మీ దగ్గరే ఉంది కదా, పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లి దగ్గరికి కూడా రానివ్వకు, దానికి అది విషం, ప్రాణం పోయేంత. డబ్బా మీద చదివి మరీ కొను.

ఇక చెవుల అంచులు, మోచేతులు, పొట్ట. అక్కడ పొట్టు కట్టి, జుట్టు పలచబడి, రాత్రింబవళ్ళు తేడా లేకుండా పిచ్చిగా గోక్కుంటుంటే గజ్జి, అంటే సార్కోప్టిస్ పురుగు, చర్మంలో సొరంగాలు తవ్వేది. చెవి అంచుని వేళ్ళ మధ్య మెల్లగా రుద్ది చూడు, గజ్జి ఉన్న చాలా కుక్కలు వెంటనే అటువైపు వెనక కాలు ఆడించేస్తాయి. ఈ గజ్జి మనుషులకీ అంటుతుంది, పోయినసారి ఫోన్ లో అమ్మకి దద్దుర్లు వచ్చాయన్నావు, నాకది గుర్తుండిపోయింది. ఎక్కడ వచ్చాయో అడుగు. చీలమండల దగ్గర అయితే ఫ్లీస్ కుట్టి ఉండొచ్చు, చేతుల మీదా పొట్ట మీదా, అంటే వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకునే చోట అయితే గజ్జి అని డాక్టర్ కి గట్టిగా చెప్పు. చర్మం గీకి మైక్రోస్కోప్ లో చూస్తారు, కానీ గజ్జి ఉన్నా చాలాసార్లు పురుగు దొరకదు, కాబట్టి రిపోర్ట్ లో ఏమీ లేదన్నా అనుమానం బలంగా ఉంటే మందు ఇచ్చి చూడటమే పద్ధతి. ఫ్లూరలానర్, అఫోక్సోలానర్, సరోలానర్ లాంటి మాత్రలు ఇప్పుడు ఫ్లీస్ కీ గజ్జికీ రెంటికీ పనికొస్తున్నాయి, వాడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

నాకెందుకు పురుగుల మీదే ఇంత అనుమానం అంటే, బ్రూనోకి ఐదేళ్ళు దాటాయి, మొన్నటిదాకా ఏ గోకుడూ లేదు. మా కుక్క లక్కీ విషయం వేరు, దానికి ఏడాది వయసులోనే మొదలైంది, పాదాలు నాకడం, మొహం కార్పెట్ కేసి రుద్దడం, చెవులు అస్తమానం ఎర్రబడటం. అది అటోపీ, అంటే దుమ్ములో పురుగులకీ పుప్పొడికీ వచ్చే అలర్జీ, మామూలుగా ఆరు నెలలకీ మూడేళ్ళకీ మధ్య బయటపడుతుంది. లేటు వయసులో మొదలైతే మిగతా కారణాల్ని ముందు వెతకాలి. పైగా అటోపీ అని తేల్చే టెస్ట్ అంటూ ఏదీ లేదురా, మిగతావన్నీ ఒక్కొక్కటే కాదనుకుంటూ పోతే మిగిలేది అది. రక్తంలోనో చర్మం మీదో చేసే అలర్జీ టెస్టులు ఒంటిని ఆ అలర్జీకి మెల్లగా అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ లో ఏం కలపాలో తేల్చడానికే, జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు.

ఫుడ్ అలర్జీ సంగతి కూడా అడిగావు, గింజలు లేని ఫీడ్ కి మార్చెయ్యనా అని. తొందరపడకు. ఆహారం పడని కుక్కలకి ఎక్కువగా పడనిది గింజలు కాదు, బీఫ్, పాల పదార్థాలు, చికెన్, ఆ తర్వాత గోధుమ. బ్రాండ్ మారిస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే కొత్త బస్తాలో కూడా ఆ చికెనే ఉంటుంది. రక్తం, ఉమ్మి, వెంట్రుకలు పంపితే ఫుడ్ అలర్జీ చెప్తాం అనే టెస్టులకి డబ్బు పెట్టకు, అవి నమ్మదగ్గవి కావు. ఒక్కటే దారి, వాడు ఇంతవరకూ తినని మాంసమో, హైడ్రోలైజ్డ్ ఫీడో (అంటే అలర్జీ రాకుండా ప్రోటీన్ ని చిన్న ముక్కలుగా విడగొట్టిన తిండి) పెట్టి, ఎనిమిది వారాలు ఇంకేదీ నోట్లో పడకుండా చూడటం. ఇంకేదీ అంటే నిజంగానే ఏదీ, బిస్కెట్లు లేవు, నమిలే బొమ్మ ఎముకలు లేవు, మాంసం రుచి కలిపిన మాత్రలూ టూత్ పేస్టూ కూడా లేవు. లక్కీకి ఇది చేసినప్పుడు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది, జాలిపడి ఒక ముక్క పడేస్తే అంతవరకూ చేసిందంతా పోతుందని. తగ్గితే అక్కడ ఆగకూడదు, పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి, రెండు వారాల్లోపు గోకుడు తిరగబడితేనే రుజువు. చాలామంది ఈ ఆఖరి మెట్టు ఎక్కరు, వాళ్ళని తప్పుపట్టలేను, తగ్గిన కుక్కని మళ్ళీ గోకించడానికి మనసెవరికి ఒప్పుతుంది, కానీ అది చెయ్యకపోతే తగ్గింది తిండి వల్లో సీజన్ మారడం వల్లో ఎప్పటికీ తెలియదు.

ఇంకో చిక్కేంటంటే ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. లక్కీ కొంచెం అలర్జీని ఓర్చుకునేది, దాని మీద నాలుగు ఫ్లీస్ చేరితే చాలు, రాత్రి నిద్రుండేది కాదు. గోకిన చోట స్టెఫ్ బాక్టీరియా, మలసేజియా అనే ఈస్టూ చేరతాయి, అవి సొంతంగా దురద పెడతాయి. వాడి దగ్గర పుల్లటి వాసన, జిడ్డు, వేళ్ళ మధ్య గోధుమరంగు మరకలు ఉంటే ఈస్ట్ అనుకో. చీము పొక్కులు, గుండ్రంగా అంచు లేస్తున్న పొట్టు ఉంటే బాక్టీరియా. డాక్టర్ ని చర్మం మీద టేప్ అంటించి మైక్రోస్కోప్ లో చూడమని అడుగు, నిమిషాల పని, అది చూడకుండా యాంటీబయాటిక్ రాస్తే ఎందుకని అడగడానికి మొహమాటపడకు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి నా మాట విను. వాడు బాధ పడుతుంటే ఉపశమనం ఇవ్వద్దని నేననను, ఇవ్వాలి. కానీ స్టెరాయిడ్ చాలా రకాల దురదని అణిచేస్తుంది, కారణం అలాగే ఉంటుంది, డెమోడెక్స్ అనే ఇంకో రకం పురుగు వల్ల వచ్చే గజ్జి అయితే ఇంకా ముదురుతుంది. అందుకే ఆ చర్మం గీకి చూసే టెస్ట్, టేప్ టెస్ట్ అయ్యాకే వేయించు. దురద తగ్గించడానికి ఆక్లాసిటినిబ్ మాత్ర, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేసే లోకివెట్మాబ్ ఇంజెక్షన్ లాంటివి ఉన్నాయి, వాటి గురించి కూడా అడుగు. నీ మోకాలి నొప్పి మాత్రలు గానీ, టీ ట్రీ ఆయిల్ గానీ దగ్గరికి రానివ్వకు.

షాంపూకి వద్దాం. మన షాంపూ వద్దు, వాళ్ళ చర్మం వేరు. ఇన్ఫెక్షన్ ఉందని తేలితే క్లోర్హెక్సిడిన్ ఉన్నది తీసుకో, రాసి పది నిమిషాలు ఉంచాకే కడగాలి, వెంటనే కడిగేస్తే రాసినట్టే కాదు. నీళ్ళు గోరువెచ్చగా కంటే చల్లగానే ఉండనీ.

రోజూ రాత్రి గోకుడికి సున్నా నుంచి పదిలోపు ఒక మార్కు వేసి ఫోన్ లో రాసుకో, మందు మొదలెట్టిన రోజూ రాయి, డాక్టర్ కి నీ జ్ఞాపకం కంటే ఆ లెక్క బాగా ఉపయోగపడుతుంది. ముందు ఆ టిష్యూ పని చెయ్యి, ఎరుపు వచ్చినా రాకపోయినా ఫోటో పంపు, చెవుల అంచులూ పాదాలూ దగ్గరగా తీసి పంపు, అమ్మ దద్దుర్లు ఎక్కడున్నాయో కూడా రాయి.

నీ
వాసు