మైత్రిలో మెకానిక్‌ల సంగతి కూడా రాయండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అంటార్కిటికా మీద వచ్చిన వ్యాసం చదివాను. అక్కడున్న మన దేశ పరిశోధన కేంద్రం మైత్రిలో శాస్త్రవేత్తలు 'మైనస్ 89 డిగ్రీల చలిలో' పనిచేస్తారని రాశారు. ఆ అంకె రష్యావాళ్ల వోస్తోక్ కేంద్రానిది. 1983 జులైలో, దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున్న మంచు పీఠభూమి మీద నమోదైంది. మైత్రి ఉన్నది షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద, సముద్ర మట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులో. అక్కడ డీజిల్ మెకానిక్‌గా ఒక శీతాకాలం గడిపినవాణ్ణి. మేం థర్మామీటర్ కన్నా గాలి వేగమే ఎక్కువ చూసుకునేవాళ్లం.

మంచు తుపాను వస్తే అక్కడ చలి తగ్గుతుంది. వినడానికి వింతే. సముద్రం మీది అల్పపీడనం కాస్త వెచ్చని గాలిని తోసుకొస్తుంది, నేలను అంటుకుని ఉన్న చల్లటి పొర చెదిరిపోతుంది. ఉష్ణోగ్రత పెరుగుతూ బారోమీటర్ పడిపోతోందంటే మాకు టెన్షన్ మొదలయ్యేది. బయటున్న డ్రమ్ములు, చెక్కపెట్టెలు తాళ్లతో బిగించేవాళ్లం. వంటకు కావాల్సినవి కంటైనర్లలోంచి ముందే లోపలికి చేరేసేవాళ్లం. తప్పనిసరై బయటికి వెళ్లాలంటే ఇద్దరు కలిసి, లీడర్‌కు చెప్పి, చేతిలో వాకీటాకీతో, తాడు పట్టుకుని వెళ్లాలి. పైనుంచి పడే మంచు కొంతే. నేలమీది మంచునే గాలి లేపి మొహాన కొడుతుంది. చాచిన చెయ్యి కనపడదు.

విశాఖలో హుద్‌హుద్ కూడా చూశాను. ఇక్కడ గాలి ఆగగానే బయటికొచ్చి కూలిన చెట్లు చూసుకున్నాం. అక్కడ బయటికి రావడమే ఒక పని. తలుపు ముందు గట్టిపడిన మంచును పారలతో తవ్వుకోవాలి. మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి అలా మంచులో కూరుకుపోయే మూతపడింది.

తుపాను రోజుల్లో నా కాపురమంతా జనరేటర్ల దగ్గరే. మంచు ధూళి మైదాపిండిలా ఉంటుంది. ఏ సందు దొరికినా లోపలికి దూరి, వేడికి కరిగి నీళ్లవుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్‌కు ఊపిరాడదు. శబ్దం కొంచెం మారినా నిద్రలోంచి లేచి కూర్చునేవాళ్లం. సెట్ ఆగితే హీటింగ్ ఆగుతుంది, ప్రియదర్శిని సరస్సు నుంచి నీళ్లొచ్చే పైపు గడ్డకడుతుంది. నిప్పంటే ఇంకా భయం. గాలిలో తేమ ఉండదు, ఆర్పడానికి నీళ్లు తేలిగ్గా దొరకవు. అందుకే రాత్రిళ్లు వంతులవారీగా మేలుకునేవాళ్లం. మే చివర్నుంచి జులై చివరిదాకా సూర్యుడు రాడు. ఓడగానీ విమానంగానీ మళ్లీ అక్కడి వేసవికే, అంటే మనకు చలికాలం వచ్చినప్పుడే. నాలుగైదు కిలోమీటర్లలో రష్యావాళ్ల నోవోలజారెవ్‌స్కయా కేంద్రం ఉంది, కానీ గాలి లేచాక వాళ్లు మన సాయానికి రాలేరు, మనం వాళ్ల సాయానికి పోలేం.

మీరు వేసిన ఫొటోలన్నీ శాస్త్రవేత్తలవే. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను, రీడింగుల కోసం ఆ గాలిలోకి వెళ్లినవాళ్లను చూశాను. కానీ ఆ పిడికెడు మందిలో వంటవాళ్లు, వెల్డర్, ఎలక్ట్రీషియన్, వాహనాల మెకానిక్ కూడా ఉంటారు. వంటవాళ్లకు సెలవిచ్చిన రోజు లీడరైనా, డాక్టరైనా గరిటె పట్టాల్సిందే. (మా డాక్టరు గారి పులిహోర సంగతి వదిలేద్దాం.)

ఇప్పుడు కొత్త మైత్రి కడతామంటున్నారు, సౌరవిద్యుత్తు, గాలిమరలు అంటున్నారు. మంచిదే. రెండు నెలలు పొద్దే పొడవని చోట, తుపాను ముదిరితే గాలిమరను ఆపాల్సిన చోట, డీజిల్ సెట్టూ దాని మనిషీ ఎలాగూ తప్పరు.

ఈ కొలువులకు గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం కాంట్రాక్టు పద్ధతిలో ప్రకటనలు ఇస్తుంటుంది. ఐటీఐ చదివిన మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఈసారి ప్రకటన వచ్చినప్పుడు మీ ఉద్యోగాల పేజీలో వేయండి. వైద్య పరీక్షలు గట్టిగా ఉంటాయనీ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఇస్తారనీ, పెళ్లయినవాళ్లు దరఖాస్తుకు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలనీ కూడా రాయండి.

— ఒక విశ్రాంత డీజిల్ మెకానిక్, గాజువాక, విశాఖపట్నం